బోర్లించిన పాలగిన్నె

లోకంలో నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: నా బిడ్డ నోట మొట్టమొదటి మాట నేను లేనిచోట పుడుతుందేమోనని. పులిని చూశాను. వరదలో పడవ బోల్తాపడడం చూశాను. అప్పుడు వణికాను గానీ, ఒడ్డెక్కాక ఆ వణుకు పోయింది. ఇది అలా పోయే భయం కాదు. మేఘగిరికి వచ్చాక తెలిసింది, నా భయానికి అక్కడొక కోట ఉందనీ, ఆ కోటలో ఒక మాంత్రికుడు కూర్చుని ఉన్నాడనీ.

నా పేరు రేవమ్మ. సింధువార రాజ్యంలో, ఏనుగుల్ని సైతం పడవల మీద దాటించే పెద్ద రేవులో పుట్టాను. అక్కడికి తాళ్ళవంతెన కట్టడానికి వచ్చిన మేఘగిరివాడు మేరుడు నన్ను పెళ్ళాడాడు. మా గువ్వకు పాలపళ్ళు మొలిచే వేళకు మమ్మల్నిద్దరినీ తన కొండకు తీసుకొచ్చాడు. సామాను దించామో లేదో, ఉత్తరపు కనుమలో మంచుకు తెగిన వంతెన కట్టిరమ్మని రాజాజ్ఞ వచ్చింది. ఏదైనా తెలియకపోతే పక్కింటి తొగరవ్వను అడగమని చెప్పి మేరుడు వెళ్ళిపోయాడు. సరేనన్నాను. అడగలేదు. కొత్తకోడలు ప్రతిదానికీ పొరుగింటి గడప ఎక్కితే పుట్టింటి పరువు పోతుందని మా అమ్మ నూరిపోసి పంపింది మరి.

మేఘగిరిని చూడాలంటే మెడ నొప్పి పుట్టాలి. ఆకాశాన్ని ఒరుసుకునే నల్లరాతి కొండ. దాని నిలువు చరియలకు గిజిగాడి గూళ్ళలా వేలాడే ఇళ్ళు. వీధులకు బదులు ఇంటికీ ఇంటికీ మధ్య ఊగే వంతెనలు. కింద నేల ఉండవలసిన చోట మేఘాలు. అవి పొద్దున పాలనురగలా, మధ్యాహ్నం ఏకిన దూదిలా, సాయంత్రం కుంకుమ కలిపిన వెన్నలా మారుతూ, మలుపు మలుపునా కట్టిన వెండిగంటల్ని తడుముకుంటూ పైకి వస్తాయి. మేఘం ఇంట్లోకి వస్తే ఆ ఊరివాళ్ళు చుట్టానికి చోటిచ్చినట్టు పక్కకు జరుగుతారు. దూలాల మీద మన కాకులు వాలినట్టు అక్కడ నెమళ్ళు వాలతాయి.

ఇంత అందం మధ్య నేను మొదటిరోజే ఏడ్చాను. నన్ను చూడడానికి ఇంటింటివాళ్ళూ గడపల్లోకి వచ్చారు. చూశారు. చూసి, అందరూ ఒక్కసారిగా వీపు తిప్పి నిలబడ్డారు. మా రేవులో దొంగతనం చేసినదానికి కూడా అంత అవమానం జరగదు. మేరుడు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. నమ్మినవాళ్ళకే ఇక్కడ వీపు చూపిస్తారనీ, ముఖంలో ముఖం పెట్టి పలకరిస్తే కత్తి దూసినట్టేననీ చెప్పాడు. నన్ను కూడా వీధికి వీపు తిప్పి నిలబడమన్నాడు. నిలబడ్డాను గానీ, వెనక ఎవరేం చేస్తున్నారోనని భుజం మీంచి ఒక కన్ను వేసే ఉంచాను.

అసలు కష్టం గిన్నెతో వచ్చింది. మేఘగిరిలో ప్రతి బిడ్డకూ ఇంటివాళ్ళు తాతలనాటి రాతిగిన్నె ఒకటి ఇస్తారు. చమరీమృగం పాలతో కాచిన జావ అందులోనే పోసి తాగిస్తారు. తాగాక ఆకుతో తుడిచి గూట్లో పెడతారు. కడగరు. పొర మీద పొర పేరుకుని, మా గువ్వ గిన్నె అడుగున మేరుడి ముత్తాత తాగిన జావ కూడా ఉందట. ఆ పులిసిన వాసనకు జావ పోసినప్పుడల్లా ముక్కుకు పైట అడ్డం పెట్టుకునేదాన్ని. గిన్నె మెరవని ఇంట్లో కోడలి ముఖం మెరవదని విని పెరిగినదాన్ని నేను. ఒకనాటి పొద్దున గువ్వకు కడుపులో గడబిడ అయింది. ఇక నావల్ల కాలేదు. చింతపండూ ఇసుకా వేసి, గోళ్ళు అరిగేలా తోమి, అద్దంలా మెరిసే గిన్నెను గడప ముందు ఎండలో బోర్లించాను. తోమినంతసేపూ మనసు మా రేవులో ఉన్నంత హాయిగా ఉంది.

కాసేపటికి కోట నుంచి బూడిదరంగు తలపాగాల మనుషులు వచ్చారు. గిన్నెను చూసి ఆగారు. వాళ్ళలో పెద్దవాడు నెమ్మదిగా అడిగాడు.

"ఇది కడిగింది నువ్వేనా తల్లీ?"

"నేనే."

"బోర్లించింది కూడా?"

"నేనే."

"ఎవరూ చెప్పకుండానే?"

"మా వైపు ఆడవాళ్ళకు ఇలాంటివి ఒకరు చెప్పాలా?" అన్నాను గర్వంగా.

వాళ్ళు ఎంతో మర్యాదగా నాకు వీపులు చూపించారు. మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాను. ఆ మర్యాదలోనే ఒకడు వెనక్కి అడుగులు వేస్తూ ఇంట్లోకి వెళ్ళి, గువ్వను ఉయ్యాలతో సహా ఎత్తుకుని వంతెన దాటేశాడు. నేను అరుస్తూ పరుగెత్తేసరికి అవతలివైపు నుంచి వంతెనను చుట్ట చుట్టి పైకి లాగేశారు. ఇంకొక్క అడుగు వేస్తే మేఘంలో పడేదాన్నే. వెనకనుంచి ఎవరో జడ పట్టుకుని లాగారు.

తొగరవ్వ. ఎర్రకంబళి కప్పుకున్న బక్కపలచటి ముసలమ్మ. లోయనుంచి ఊరికి కావలసిన సరుకుల్ని బుట్టలో పైకి లాగే పెద్ద రాట్నం తిప్పడం ఆమె పని.

"దూకితే మబ్బులో ఎముకలు గూడా దొరకవు. లే పైకి," అంది. నా ముంగిట్లో మెరుస్తున్న గిన్నెను చూసి తల కొట్టుకుంది. "బిడ్డ గిన్నె కడిగి బోర్లిస్తే, ఈ బిడ్డకు ఈ ఇల్లు లేదని చెప్పినట్టు. నోటితో అన్నది వెనక్కి తీసుకోవచ్చు. గిన్నెతో అన్నది తీసుకోలేవు."

"నాకు తెలీదవ్వా."

"తెలీదని కొండకేం తెలుసు? అడగొచ్చు గదా. గోడకవతల ఉండేది మనిషే గదా, పులి గాదు గదా."

తరువాత ఆమె చెప్పిన సంగతికి నా కన్నీళ్ళు కూడా గడ్డకట్టాయి. ఇల్లు లేదన్న బిడ్డలు కోటలోని మాంత్రికుడు ధూమ్రనాథుడికి చెందుతారు. సాయంత్రపు మబ్బు కోటగంటను తాకగానే వాడు బిడ్డ నాలుకకు మంత్రించిన తేనె రాస్తాడు. తేనె రాయగానే బిడ్డ తొలిమాట పలుకుతుంది. ఆ మాటను గాజుబుడ్డిలో పట్టి బిరడా బిగిస్తాడు. దానితో వాడి ఆయుష్షు పెరుగుతుంది. బిడ్డకు మాత్రం ఆ మాట ఇక జన్మలో నోట రాదు. ఎంత నేర్పినా రాదు.

మా గువ్వ ఈమధ్యే పెదవులు రెండూ కలిపి ఏదో అనబోయి ఆగిపోతోంది. అది ఏ మాటో నాకు తెలుసు. ఏ తల్లికైనా తెలుసు.

కళ్ళు తుడుచుకుని లేచాను. దీనికి విరుగుడు ఏమిటో చెప్పమన్నాను. ఒకటే ఉందంది అవ్వ. తన ఇంటి ఎంగిలి గిన్నెలో బిడ్డ ధూమ్రనాథుడి కళ్ళెదుటే తింటే, ఆ బిడ్డను ఆపే హక్కు రాజుకు కూడా లేదు. కానీ మా ఇంటి ఎంగిలి నా చేతులమీదుగానే చింతపండు నీళ్ళలో కొట్టుకుపోయింది.

"నీ గిన్నె ఉంది కదా అవ్వా."

"నా గిన్నె నా ఇంటోళ్ళకే పనికొస్తుంది."

"అయితే నన్ను నీ ఇంటిదాన్ని చేసుకో."

అవ్వ కంబళి సర్దుకుని లేచింది. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. ఎన్నేళ్ళుగానో ఇంకొకరి చెయ్యి పడని గిన్నె అది. మా ఇంటి గిన్నెను మించిన వాసన. జావ పోసి నా ముందు పెట్టింది. ముక్కు మూసుకుంటే చెల్లదంది. ముఖం చిట్లించినా చెల్లదంది. మూసుకోలేదు, చిట్లించలేదు. పొర తగిలేదాకా తాగాను, ఆ పొరను వేలితో గీకి నాకాను. పుల్లగా ఉంది, ఉప్పగా ఉంది, పొగవాసన. చిత్రమేమిటంటే అది కడుపులో పడ్డాక వెచ్చగా నిలిచింది. అవ్వ నాకు వీపు చూపించి నిలబడింది. ఆ వీపు మీద తల ఆనించాలనిపించింది గానీ పొద్దు వాలుతోంది.

ఉపాయం అవ్వే చెప్పింది. కోటలో పిల్లల్ని సాకే దాదులు నల్ల ఉన్ని ముసుగు వేసుకుని, ముఖానికి బూడిద రాసుకుని తిరుగుతారు. వాళ్ళ వంతెన ఒకటి తెరిచే ఉంటుంది. అయితే దాని చివర రాతిరాబందు కాపలా. ముఖం చూపిస్తూ వచ్చినవాళ్ళను అది ప్రాణం పోసుకుని ఎత్తుకుపోతుంది. అందుకే దాదులు వెనక్కి నడిచి వెళతారు. తన రాట్నం కోట వెనక చరియ మీదే ఉందనీ, కోటలోంచి దానికి ఒక తలుపు ఉన్నా గడియ లోపలివైపేననీ, తను అక్కడ బుట్టతో కాచుకుని ఉంటాననీ చెప్పింది.

అవ్వ ఇచ్చిన నల్ల ఉన్నిముసుగు వేసుకుని, ముఖానికి బూడిద రాసుకున్నాను. గిన్నెలో ముద్దలా కలిపిన జావ పెట్టుకుని పైట చాటున కట్టుకున్నాను. వంతెన మీద వీపు తిప్పి మొదటి అడుగు వేశాను. పలకకూ పలకకూ మధ్య మనిషి పట్టేంత సందు. కింద మేఘాలు, మేఘాల కింద ఏముందో నాకు తెలియదు. గాలి వంతెనను ఉయ్యాలలా ఊపుతోంది. గడ పట్టుకుని పడవ అంచు మీద వెనక్కి వెనక్కి నడిచి పెరిగిన కాళ్ళు నావి. వంతెన పడవే అనుకున్నాను, మేఘం నీరే అనుకున్నాను. చివరికి వచ్చేసరికి మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. రాతిముక్కు నా జడను వాసన చూస్తోంది. తిరిగి చూడాలని మెడ నరాలన్నీ లాగాయి. తిరగలేదు. అలాగే వెనక్కి, దాని రెక్కల మధ్య నుంచి, కోటలోకి.

ద్వారం దగ్గర భటుణ్ణి చూడగానే పాత అలవాటు పొడుచుకొచ్చింది. రెండు చేతులూ జోడించేశాను. మేఘగిరిలో చేతులు జోడించేది శవానికి మాత్రమేనని నాకు అప్పటికి తెలియదు. భటుడి ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడు.

తెలియకపోయినా తెలిసినట్టే నిలబడ్డాను. పెద్దదాది పోయిందన్నాను. ఎప్పుడని అడిగాడు. ఇప్పుడేనన్నాను, అందుకే ఆమె బదులు నన్ను పిలిపించారన్నాను. పాపం, అతను కళ్ళు ఒత్తుకుని దారి ఇచ్చాడు. ఆ పెద్దదాది ఎవరో గానీ నూరేళ్ళు చల్లగా బతకాలి.

మాటల మందిరంలో అడుగుపెట్టాను. స్ఫటికపు కప్పు నుంచి వెండిదారాలతో వేలాడుతున్నాయి గాజుబుడ్లు, నిండుగా పూసిన కొమ్మకు పూలలా. ఒక్కొక్క బుడ్డిలో ఒక్కొక్క వెలుగు, మిణుగురంత. దగ్గరికి వెళ్ళి చెవి పెడితే లోపల పసిగొంతుకలు. ఒకదానిలో "బువ్వ". ఒకదానిలో "తాత". ఎన్నింటిలోనో నేను భయపడే మాటే. వాటి కింద పులిచర్మం మీద ధూమ్రనాథుడు. పదహారేళ్ళ పిల్లవాడి ముఖం, దొంతర దొంతరల ముత్యాలహారాలు, గొంతు మాత్రం పాతగోడ కూలినట్టు ఉంటుంది. ఒళ్ళో గువ్వ. బంగారు పుల్లకు తేనె అంటించి, గంట కోసం చూస్తున్నాడు. గువ్వ ఆ మిణుగురుల్ని చూసి సంబరంగా పెదవులు కలుపుతోంది.

ముసుగు తీసి పారేశాను. వాడికి ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డాను. భటుల కత్తులు ఒక్కసారిగా ఒరల్లోంచి వచ్చాయి.

"తొగరవ్వ ఇంటిదాన్ని. నా బిడ్డకు అన్నం వేళైంది," అన్నాను.

ఇంటి గిన్నె కనిపించగానే భటుల కత్తులు ఆగాయి. మాంత్రికుడు నవ్వాడు. తినిపించమన్నాడు. గిన్నె గువ్వ ముందు పెట్టాను. ముద్ద పెదవికి తాకించాను. గువ్వ ముఖం తిప్పుకుంది. మళ్ళీ తాకించాను. నోరు బిగించింది. తల్లి ఏవగింపు బిడ్డకు పాలతో వచ్చినట్టుంది. పైన మబ్బు గంటవైపు పాకుతోంది. అప్పుడు ముద్ద నేను నోట్లో వేసుకున్నాను. కళ్ళు పెద్దవి చేసి, చప్పరించి, ఇక నీకు పెట్టను పో అన్నట్టు గిన్నె వెనక్కి లాక్కున్నాను. అంతే. నాకు దక్కనిది నీకా అన్నట్టు గువ్వ రెండు చేతులూ గిన్నెలో ముంచి నోటికి రాసుకుంది. మొలుస్తున్న పళ్ళతో ఆ పొరను గీకింది.

గంట మోగింది. భటులందరూ కత్తులు దించి నాకు వీపు చూపించారు.

బిడ్డను లాక్కుని చంకన వేసుకుని, గిన్నెను పైటలో దోపుకున్నాను. ధూమ్రనాథుడు తేనెపుల్ల విరిచి పారేశాడు.

"బిడ్డ నీదే. దారి మాత్రం నాది," అన్నాడు. వాడు చిటిక వేయగానే తలుపులు మైనంలా కరిగి గోడల్లో కలిసిపోయాయి.

మూలన దీపాలు వెలిగించే వెదురుగడ ఉంది. గడ చేతికొస్తే రేవుపిల్లకు ఇక ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక చేత్తోనే తిప్పి బుడ్ల వరసల మీదికి విసిరాను. గాజు వానలా రాలింది. విడిపడ్డ మాటలు కందిరీగల్లా లేచి, తమ తమ పిల్లల్ని వెతుక్కుంటూ కిటికీల్లోంచి దూసుకుపోయాయి. ఒక్కొక్క మాట పోయేకొద్దీ ధూమ్రనాథుడికి ఒక్కొక్క ముడత. జుట్టు నెరిసింది, పళ్ళు రాలాయి, మంత్రం చదవబోతే నోట్లోంచి గాలి తప్ప రాలేదు. కరిగిన తలుపులు మళ్ళీ గోడల్లో తేలాయి. వెనక తలుపు గడియ లాగి చరియ మీదికి దూకాను.

తొగరవ్వ రాట్నం పట్టుకుని సిద్ధంగా ఉంది. బుట్ట ఎక్కమంది. నువ్వూ రమ్మన్నాను.

"రాట్నం ఎవరు తిప్పాల? మీ నాయనా?" అంది. నా పైటలోని గిన్నె తీసుకుని తన కంబళిలో దోపుకుంది. గువ్వ చెంపకు అంటిన జావను బొటనవేలితో తుడిచింది. "పో. ఈ తాడు దింపేది ఎర్రిసుకల దేశానికి. కనుమకు అటునుంచి గూడా దారుందంట. మీ ఆయన్ను పట్టుకో."

బుట్ట మేఘంలోకి దిగింది. అంతలో పైన రెక్కల చప్పుడు. రాతిరాబందు, కొండంత నీడ వేసుకుని మా మీదికి దిగుతోంది. నేను దానికి వీపు చూపించి, గువ్వను కడుపులో దాచుకుని ముడుచుకున్నాను. దాని ముక్కు నా వీపు మీది గుడ్డను చీల్చేంత దగ్గరికి వచ్చింది. చుట్టూ తిరిగింది, తిరిగింది. ముఖం దొరక్క కీచుమని అరుస్తూ పైకి లేచిపోయింది.

అప్పుడు తాడు ఆగిపోయింది.

పైన కేకలు. భటుల అడుగులు. తొగరవ్వ ఎవరినో తిడుతున్న గొంతు, దగ్గు, మళ్ళీ తిట్టు. తరువాత ఏమీ లేదు. మేఘం మధ్య బుట్టలో ఊగుతూ ఆమెను పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. తాడు మళ్ళీ కదిలింది. నిదానంగా, కుదుపులు కుదుపులుగా. ఆమె తిప్పినట్టు లేదు. అయినా దించుతోంది. ఆ చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

మేఘం దాటగానే ఎర్రటి ఇసుక. కనుచూపు మేరా ఆరబోసిన కుంకుమలా. బుట్ట నేల తాకిందో లేదో, ముఖాలకు నీలిగుడ్డ చుట్టుకున్న ఒంటెల రౌతులు చుట్టూ మూగారు. ఒక్కొక్కరూ ఒంటె దిగి, గుప్పెడు ఇసుక తీసి, నా కాళ్ళ ముందు పోసి నిలబడ్డారు. స్వాగతమో, సమాధో. వాళ్ళను చూసి నేను నవ్వలేదు, చేతులు జోడించలేదు, వీపు తిప్పలేదు.

"అయ్యా, నేను ఈ దేశానికి కొత్త. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా పొడుగువాడు నెమ్మదిగా నడిచి వచ్చి ఒరలోంచి కత్తి తీశాడు.

ఆ కత్తి సంగతి నేను చూసుకుంటాను. నాది ఒక్కటే మనవి. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా మేఘగిరి వైపు వెళితే, కోట వెనక చరియ మీద రాట్నం ఎవరు తిప్పుతున్నారో ఒకసారి చూడండి. అక్కడ తొగరవ్వ కనిపించకపోతే, ఎర్రతలుపు ఇల్లు ఆమెదే, తట్టండి. బిడ్డ క్షేమమని చెప్పండి. చలిపూట ఆమె మోకాళ్ళు పట్టేస్తాయి, లేచి రావడానికి చాలాసేపు పడుతుంది. ఎవరూ లేరనుకుని తొందరపడి వెళ్ళిపోకండి.